పసుపు దీపానికి చుట్టం

మామయ్య చెయ్యి వణికింది.

తెరమీద ఆ దృశ్యం ఎన్నిసార్లు తిప్పి చూసినా అంతే. రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్. నేలమీద తెరిచి ఉన్న తోలు సూట్‌కేసు. దాని ముందు మోకాళ్లమీద మామయ్య. లోపల ఉన్నది చాలా మామూలు బాంబు, ఆ విద్యలో మొదటి పాఠంగా నేర్పే రకం. చెవిలో ఇయర్‌ఫోన్, కుడిచేతిలో కటింగ్ ప్లయర్. ప్లయర్ నీలం తీగ దగ్గరికి నెమ్మదిగా వెళ్లింది. ఆగింది. ఉన్నట్టుండి వేళ్లు బిగుసుకుపోయాయి. చెయ్యి పక్కకు ఎగిరింది. ప్లయర్ ఎర్ర తీగకు తగిలింది.

తెర తెల్లబడిపోయింది.

"చాలు సార్," అంది సూది.

పెద్దాయన రిమోట్ కింద పెట్టాడు. ఆయన ఈ సీక్రెట్ సర్వీస్‌కి చీఫ్. అసలు పేరు ఫైళ్లలో కూడా ఉండదు. అందరికీ పెద్దాయనే.

"కమిటీ రిపోర్టు ఏమంటోంది సార్?"

"వయసు మీద పడిందట. నిర్లక్ష్యమట. ఒక మెంబరైతే తాగి ఉంటాడేమో అని కూడా అన్నాడు."

"మామయ్య టీ కూడా రెండో కప్పు ముట్టుకోడు సార్."

"నాకు తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

సూది తన చేతులు చూసుకుంది. మామయ్య అమ్మకు తమ్ముడు. బాంబులు విప్పే విద్య ఆమెకు నేర్పింది ఆయనే. ఆ పేరు పెట్టిందీ ఆయనే. చిన్నప్పుడు ఇంజెక్షన్ చేస్తుంటే ఏడవకుండా సూది ఎలా దిగుతోందో తొంగి చూసిందట. ఆయన పోయాక ఈ సర్వీస్‌లో ఆ పని తెలిసిన చేతులు ఇంక ఆమెవే.

పెద్దాయన ఒక ఫొటో ముందుకు జరిపాడు. కొండమీద తెల్లటి భవనం. చుట్టూ పైన్ చెట్లు.

"విశ్రాంతి నిలయం. నడుము నొప్పికి కరెంటు వైద్యం చేస్తారని మీ మామయ్య ఇక్కడికి వెళ్లొచ్చాడు. తిరిగొచ్చాక ముట్టుకున్న మొదటి బాంబు ఇదే. ఆ నిలయం నడిపేది ఒక డాక్టర్. వెనక విదేశీ ముఠా ఉంది. ఇక రాబోయేది శాంతి సమావేశం. రెండు దేశాల వాళ్లూ మన గడ్డమీద సంతకాలు చేస్తారు. అక్కడ బాంబు పేలడం వాళ్లకు చాలదు. మన నిపుణురాలి చేతిలోనే పేలాలి. అప్పుడు లోకం మన మొహాన ఉమ్మేస్తుంది."

"నా చేతిలో అన్నమాట."

"అవును. ఇంకో మాట. ఆ సమావేశంలో అద్దాల గదిలో కూర్చుని అనువాదం చేసేది మీ చెల్లి."

సూది మోకాళ్లమీది వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మామయ్య చెయ్యి ఎందుకు వణికిందో తెలుసుకుని రా. లోపల మన మనిషి ఉంది. డబుల్ ఏజెంట్. కోడ్ పేరు నెమలి. ముఠా ఆవిణ్ణి తమ మనిషి అనుకుంటోంది."

"మన మనిషే అని మనకెలా తెలుసు సార్?"

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "అలాంటి ప్రశ్నలు వేస్తే నాకు నిద్ర పట్టదు, అమ్మాయ్."

*

నిద్ర పట్టని లెక్కల టీచర్‌గా సూది నిలయంలో చేరింది. దళసరి ఫ్రేమ్ కళ్లజోడులో కెమెరా. ఫౌంటెన్ పెన్‌లో ట్రాన్స్‌మిటర్. లిప్‌స్టిక్ తిప్పితే బ్లేడు. వేషం చూసి ఇంటి దగ్గర చెల్లి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నువ్వు టీచరువా! ఆ పిల్లల గతేం కానక్కా?"

"నోర్మూసుకుని నీ సమావేశం చూసుకో. గాజు గదిలో కునుకు తీయకు."

"నేను కునుకు తీస్తే రెండు దేశాలూ మళ్లీ కొట్టుకుంటాయే. ఆ మాత్రం బాధ్యత ఉందిలే."

నిలయం రీడింగ్ రూమ్‌లో వెదురు కుర్చీలు, పాత పత్రికలు, మూలన పొడవాటి స్టాండ్‌మీద ఒక పసుపు దీపం. మొదటి సాయంత్రమే ఎదురు కుర్చీలోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. ముదురు నీలం పట్టు, మెడలో ఒంటిపేట ముత్యాలు, చేతిలో మడత విసనకర్ర. ఆవిడ గదిలోకి వస్తే మగవాళ్ల చేతుల్లో పత్రికలు తలకిందులయ్యేవి.

"ఈ కుర్చీలో గాలి బాగా వస్తుందంటారా?" అంది ఆవిడ.

"గాలికంటే దోమలే ఎక్కువ వస్తాయి," అంది సూది. కోడ్ సరిపోయింది.

"నెమలిని," అంది ఆవిడ పెదవులు కదపకుండా. "పేకాడుతూ మాట్లాడుకుందాం. ఎవరూ అనుమానించరు."

అలా ఆడుతూనే ఉన్నారు. రోజూ చీకటి పడే వేళకు మూలన పసుపు దీపం వెలిగేది. సరిగ్గా అప్పుడే నెమలి విసనకర్ర టప్పున మడిచి బల్లమీద పెట్టి, ముక్కలు పంచేది. కాసేపటికి దీపం ఆరేది. మళ్లీ వెలిగేది. మళ్లీ టప్పుమనేది. కరెంటు సరిగ్గా లేదని నర్సు గొణిగేది. టీ వచ్చేది. ఎవరో దగ్గేవారు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

"ఇక్కడ ఏమీ జరగడం లేదు," అని సూది పెన్‌తో కబురు పంపింది.

"ఏం జరగడం లేదో జాగ్రత్తగా చూడు," అని పెద్దాయన జవాబు.

సూదికి ఆవులింత వచ్చింది. నిద్ర పట్టని టీచర్‌కి నిజంగానే నిద్ర పట్టేస్తోంది. ఆ సాయంత్రం టీ తాగిన కప్పు సాసర్‌లో పెడుతుంటే కప్పు రెండుగా కనిపించింది. ఎదురుగా నెమలి కూడా ఇద్దరుగా కనిపించింది. ఇద్దరూ నవ్వుతున్నారు.

*

కళ్లు తెరిచేసరికి తెల్లటి గది. కిటికీ లేదు. గోడకు ఇనప కుర్చీ బిగించి ఉంది. సూది అందులో ఉంది. నడుముకి బెల్టు, రెండు చేతులకీ బెల్టులు. ఎడమ మణికట్టు బెల్టు కింద చల్లగా రెండు లోహపు బిళ్లలు. కళ్లజోడు లేదు. పెన్ లేదు. లిప్‌స్టిక్ లేదు.

ఎదురుగా గోడలో ఒక దీపం. వెలగలేదు.

"నమస్కారం, సూది గారూ," అన్నాడు డాక్టర్. సన్నటి మనిషి. చలికాలం లేకపోయినా మఫ్లర్ చుట్టుకున్నాడు. "లెక్కలు మీకంత బాగా రావని మా వాళ్లు చెప్పారు. మీ డిపార్ట్‌మెంట్ కోడ్ పుస్తకం ఎక్కడుంటుంది?"

"లైబ్రరీలో. కార్డు ఉంటేనే ఇస్తారు."

దీపం వెలిగింది. పసుపు.

మరుక్షణం మణికట్టులోంచి భుజం దాకా నిప్పులాంటి తాడు లాగినట్టయింది. గొంతులోంచి వచ్చిన కేక తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

డాక్టర్ చేతిలోని మీటర్ ముల్లు చూసుకున్నాడు. ఇంకో ప్రశ్న వేశాడు. జవాబు కోసం ఆగలేదు. దీపం వెలిగింది. నిప్పు.

అదే రోజూ జరిగింది. ఉదయం, సాయంత్రం అన్న తేడా ఆ గదికి తెలియదు. బెల్టులు బిగించే మనిషి ఒకడు వచ్చేవాడు. లావుగా, మెత్తగా, చప్పుడు చేయకుండా. మణికట్టు మీద కాలిన మచ్చలు చూడలేక మొహం గోడవైపు తిప్పుకుని బకిల్ బిగించేవాడు. తరవాత డాక్టర్. తరవాత పసుపు. కొన్నాళ్లకు నిప్పు రాకముందే, దీపం వెలగగానే, ఆమె వేళ్లు కొయ్యబారిపోవడం మొదలైంది. వాటిని కదపమని తను చెప్తున్నా వినేవి కావు. ఆ చేతులు ఆమెవి కానట్టే ఉండేవి.

బాంబు విప్పేవాళ్లకు చేతులు పోతే ఇంకేం మిగలదు. సూదికి మొదటిసారి భయం వేసింది. చనిపోతానని కాదు. బతికి, ఈ చేతులతో చెల్లి ముందుకు వెళ్లాల్సి వస్తుందని.

ఆ గదిలోనే పక్కన ఒక ఇనప మంచం. కుర్చీ లేనప్పుడు మంచం, మంచం లేనప్పుడు కుర్చీ. అప్పుడప్పుడు తలుపు కొద్దిగా తెరుచుకుని నెమలి వచ్చేది, దొంగచాటుగా వచ్చినట్టు.

"మెల్లగా మాట్లాడు. నేనిక్కడికి వచ్చానని తెలిస్తే నన్నూ అదే కుర్చీలో కూర్చోబెడతారు. టీలో మందు కలిపింది నేను కాదు, ఒట్టు. కాస్త ఓపిక పట్టు. దారి చూస్తున్నాను." ఒడిలోంచి చాక్లెట్ తీసి ఇచ్చింది. "తిను. ఎముకలు తేలిపోయాయి."

లేచి వెళ్తూ విసనకర్ర టప్పున మడిచింది.

సూది గుండె జారి కడుపులో పడింది. చేతిలోని చాక్లెట్ కింద పడింది. ఆకలి వల్ల అనుకుంది. నెమలి వంగి చాక్లెట్ తీసి మళ్లీ చేతిలో పెట్టింది. అలా పెడుతున్నప్పుడు ఆవిడ సూది మొహం చూడలేదు. వేళ్లే చూసింది.

*

మంచంమీద పడుకుని సూది ఆలోచించింది. ఆలోచన తప్ప ఆ గదిలో వేరే పనిముట్టు లేదు.

ఈ డాక్టర్‌కి కోడ్ పుస్తకం అక్కర్లేదు. కావాలనుకున్నవాడు జవాబు కోసం ఆగుతాడు. గూఢచారికి కొత్తగా ఏదైనా వైద్యం చేస్తే అనుమానం వస్తుంది. హింసిస్తే రాదు. అది ఎదురుచూసేదే కదా. అందుకే మామయ్యకు వైద్యం, తనకు హింస. అసలు పని రెండింటిలోనూ ఒకటే. దీపం, కరెంటు. దీపం, కరెంటు.

కాని మామయ్య పోయిన క్లోక్‌రూమ్‌లో పసుపు దీపం లేదు. పెద్దాయన మనుషులు ఆ వీడియోని జల్లెడ పట్టారు. కొత్త దీపం ఒక్కటి ఉన్నా దొరికేది. మరి ఆయన చేతిని కొయ్య చేసింది ఏది?

అప్పుడు చెల్లి గుర్తొచ్చింది. మంచం కింద దూరిన చెల్లి.

చిన్నప్పుడు వీధి చివర కాంపౌండర్ బాబాయి ఉండేవాడు. సాయంత్రాలు నాన్నతో చదరంగం ఆడడానికి స్కూటర్ మీద వచ్చేవాడు. గేటు దగ్గర హారన్ కొట్టి, నల్ల సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చేవాడు. హారన్, సంచి. హారన్, సంచి. పిల్లలిద్దరూ పట్టించుకునేవారే కాదు. తరవాత ఇద్దరికీ జ్వరం వచ్చింది. అప్పుడు స్కూటర్ రిపేరుకి పోయి, బాబాయి నడిచి వచ్చేవాడు. సంచి తెరిచి ఇంజెక్షన్లు పొడిచేవాడు. జ్వరం తగ్గింది. స్కూటర్ బాగైంది. ఒకరోజు సందు మలుపులో హారన్ మోగింది. సంచి ఇంకా కనిపించనే లేదు. చెల్లి మంచం కిందికి దూరిపోయింది.

మామయ్య కాలు పట్టి బయటికి లాగాడు. "ఏమే, హారన్ నిన్నేం చేసిందే? పొడిచిందా?"

"సంచి పొడిచింది."

"మరి హారన్?"

"అది సంచికి చుట్టం!"

ఇల్లంతా నవ్వింది. సూది ఇప్పుడు నవ్వలేదు. లేచి కూర్చుంది.

పొడిచినప్పుడు హారన్ అక్కడ లేదు. ఒక్కసారి కూడా లేదు. అది సంచితో కలిసింది అంతకుముందు, ఏమీ జరగని రోజుల్లో. రెండు మామూలు వస్తువులు, ఒకదాని పక్కన ఒకటి. ఎవరూ నేర్పకుండానే, నేర్చుకున్నట్టు తనకే తెలియకుండానే చెల్లి వాటికి చుట్టరికం కలిపేసింది. తరవాత సంచికి చెడ్డపేరు వస్తే, ఆ పేరు చుట్టానికీ అంటింది.

పసుపు దీపం సంచి. మరి హారన్ ఏది?

రీడింగ్ రూమ్ సాయంత్రాలు గుర్తు చేసుకుంది. దీపం వెలిగినప్పుడు పక్కన ఏముంది? టీ కప్పులు? దగ్గు? పత్రిక పేజీలు? పేక కలిపే చప్పుడు? నర్సు గొణుగుడు? అన్నీ కలిసి ముద్దయిపోయాయి. ఏమీ జరగని రోజుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? వాళ్లు దాన్ని దాచింది సరిగ్గా అక్కడే. ఏ సెర్చ్ వారంటూ చేరలేని చోట. ఆమె విసుగులో.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఈ గదికి తలుపు ఉంది. తన లోపలి గదికి అది కూడా లేదు.

చాలాసేపటి తరవాత కథలో మిగిలిన సగం గుర్తొచ్చింది. బాబాయి పాత సంచి ఖాళీ చేసి చెల్లికి ఆడుకోమని ఇచ్చేశాడు. మొదట అది కనిపిస్తే ఏడ్చేది. తరవాత ముట్టుకుంది. తరవాత బొమ్మలన్నీ అందులోనే పడుకోబెట్టింది. ఆ వేసవిలో మళ్లీ హారన్ మోగినప్పుడు చెల్లి గేటు దగ్గరే ఉంది, ఒక రౌండ్ తిప్పమని. హారన్‌కి ఎవరూ ఏ వైద్యమూ చెయ్యలేదు. సంచి ఖాళీ అయింది. చుట్టం దానంతట అదే ఊరుకుంది.

హారన్ ఏదో తెలియనక్కర్లేదు. సంచి ఖాళీ చేస్తే చాలు.

పసుపు దీపం వెలగాలి. కరెంటు రాకూడదు. మళ్లీ మళ్లీ, శరీరానికి విసుగు పుట్టేదాకా.

*

వైరు తెంపితే మీటర్ పట్టిస్తుంది. కరెంటు ఆపకూడదు, దారి మళ్లించాలి. సూదికి అది పదోతరగతి పాఠం లాంటిది.

చాక్లెట్ చుట్టిన రేకు ఒకవైపు వెండిలా మెరుస్తుంది, రెండోవైపు పల్చటి కాగితం. కాగితం వైపు మణికట్టుకి, వెండి వైపు బిళ్లలకి. కరెంటు ఒక బిళ్లలోంచి రేకులోకి, రేకులోంచి రెండో బిళ్లలోకి షికారు చేసి వెళ్లిపోతుంది. చేతిని పలకరించదు. మీటర్ ముల్లు మాత్రం ఎప్పటిలాగే లేస్తుంది. పాలల్లో నానిన బ్రెడ్డు ముద్దతో రేకుని కాలిన మచ్చమీద అంటించి, పైన చొక్కా చెయ్యి లాక్కుంది.

బెల్టు మనిషి వచ్చాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి తోసి బకిల్ బిగించాడు. వెళ్లిపోతూ, "అమ్మా, ఆయన అడిగింది చెప్పెయ్యరాదూ," అని గొణిగాడు. పాపం, అతని జాలే ఆమెకు దారి ఇచ్చింది.

పసుపు వెలిగింది.

వేళ్లు కొయ్యబారాయి. ఊపిరి ఆగింది. ఒళ్లంతా నిప్పుకోసం కాచుకుంది. నిప్పు రాలేదు. ముల్లు లేచింది. సూది "అమ్మా!" అని గావుకేక పెట్టింది. ఆ కేకలో సగం నిజమే.

మర్నాడూ వెలిగింది. రాలేదు. కేక పెట్టింది. ఆ మర్నాడూ అంతే. రేకు నలిగితే నెమలి ఇంకో చాక్లెట్ తెచ్చేది. "నీకింత ఇష్టమని తెలీదు," అనేది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో," అనేది సూది. అందులో అబద్ధం లేదు.

లోపల మార్పు ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, రావడం ఆమె చూడలేదు. వేళ్లు కొయ్యబారడం తగ్గింది. గుండె ఒక్క గంతుతో సరిపెట్టుకుంది. తరవాత ఆ గంతూ మానేసింది. ఒకరోజు పసుపు దీపం వెలిగితే, దాని గాజుమీద ఈగ నడుస్తోంది. ఎంత తీరుబడిగా నడుస్తోందో చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" డాక్టర్ గొంతు. "అరవలేదే?"

సూది ఉలిక్కిపడింది. "గొంతు... పోయింది డాక్టర్," అని బొంగురుగా అని, ఆలస్యంగా ఒక మూలుగు మూలిగింది.

డాక్టర్ మీటర్ చూశాడు. ముల్లు నిటారుగా ఉంది. మీటర్‌ని నమ్మేవాడికి మనిషి మొహం చూసే పనేముంది? మఫ్లర్ సర్దుకుని, "రేపటికి గొంతు చూసుకోండి," అని వెళ్లిపోయాడు.

రెండోసారి ఆమె ఆ పొరపాటు చెయ్యలేదు. దీపం వెలగడం, కేక పెట్టడం. బాగా అభ్యాసమైంది.

*

సమావేశం దగ్గర పడగానే నెమలి ఆమెను తప్పించింది. నర్సు బట్టలు, దుప్పట్లు మోసే వ్యాను. దారిలో ప్రతి తాళం చెయ్యి తగలగానే తెరుచుకుంది. కాపలావాళ్లందరికీ ఒకేసారి దాహం వేసింది. వ్యానులో దుప్పట్ల మధ్య ముడుచుకుని కూర్చున్న సూది, ఇంత మర్యాదగా ఏ జైలూ ఎవరినీ సాగనంపి ఉండదు అనుకుంది.

పెద్దాయన అంతా విన్నాడు.

"అయితే నెమలి వాళ్ల మనిషే."

"అనుమానమే సార్, రుజువు లేదు. పట్టుకుంటే నోరు విప్పదు. బాంబు ఎక్కడుందో మనకు తెలీదు. వాళ్లు ధీమాగా ఉండాలంటే నేనే వెళ్లాలి."

"నీ చేతిమీద నీకు నమ్మకం ఉందా?"

"నా చేతిమీద కాదు సార్. చెల్లి మాటమీద ఉంది. కాని ఒక్క భయం ఉంది. చోటు మారితే, పోయిన భయం తిరిగి రావచ్చు. ఆ గదిలో పోయింది. ఆ హాల్లో పోయిందో లేదో అక్కడికి వెళ్తేగాని తెలీదు."

"నీ బదులు పంపడానికి ఇంకెవరైనా ఉన్నారా అంటే..."

"మామయ్య ఉండేవాడు." ఆమె లేచింది. "నా చెయ్యి తీగమీద ఉన్నప్పుడు మీరు బాంబు వైపు చూడకండి సార్. మీ గదిలో ఉన్నవాళ్లని చూడండి. ఎవరు ఏం చేస్తున్నారో. ఎంత చిన్న పనైనా సరే."

*

సమావేశం మొదలైన కాసేపటికే ఫోన్ వచ్చింది. అనువాదకురాలి అద్దాల గది తలుపుకి వైరు కట్టాం, తలుపు తెరిస్తే పేలుతుంది, తెరవకపోయినా టైమర్ ఆగదు. ఫోన్ పెట్టేశారు.

హాలు ఖాళీ అయింది. గాజు వెనక చెల్లి ఒక్కతే మిగిలింది.

లోపలికి దారి ఒక్కటే. గది నేల కింద కేబుళ్లు వెళ్లే సొరంగం. సూది వెల్లకిలా పడుకుని పాకుతూ దూరింది. పైన చెక్క ముక్కుకి తగులుతోంది. భుజాలకి రెండువైపులా ఇనుము. చెయ్యి మడిస్తే మళ్లీ చాచడానికి చోటు లేదు. నోట్లో టార్చి, చెవిలో ఇయర్‌ఫోన్. దాని రెండో కొస కంట్రోల్ రూమ్‌లో. అక్కడ పెద్దాయన ఉన్నాడు. సూదిని కాపాడి తెచ్చిన వీరవనితగా నెమలీ ఉంది.

నెత్తిమీద చెక్కకి అంటించిన డబ్బా. టైమర్ అంకెలు ఎర్రగా తగ్గుతున్నాయి. డబ్బాకి పైన, అరంగుళం చెక్కకి అవతల, చెల్లి పాదాలు.

"అక్కా? కింద నువ్వేనా?" సన్నగా వినిపించింది.

సూది టార్చి పక్కకి తీసింది. "కాళ్లు ఊపకు. చిన్నప్పటి అలవాటు."

"ఊపడం లేదు. అవే వణుకుతున్నాయి."

"ఏదైనా మాట్లాడు. రెండు భాషలొచ్చు కదా."

"ఒక్కటీ గుర్తు రావడం లేదే."

మూత విప్పింది. మామయ్య క్లోక్‌రూమ్‌లో విప్పిన రకమే. నీలం తీగ తెంపాలి. ఎర్రది ముట్టుకోకూడదు. రెండూ వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. ప్లయర్ లేపింది. నీలం తీగ దగ్గరికి తీసుకెళ్లింది.

చెవిలో, ఇయర్‌ఫోన్‌లో, టప్.

విసనకర్ర మడిచిన చప్పుడు.

ప్లయర్ ఆగింది. వెదురు కుర్చీలు, వెలిగిన దీపం, పంచిన ముక్కలు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఇదా! మామయ్య చెవిలో మోగిందీ ఇదే, ఆ రోజు కూడా మైకు పక్కన ఎవరో విసనకర్ర మడిచే ఉంటారు. వీడియోలో కనిపించదు. ఇయర్‌ఫోన్‌లోది ఏ టేపులోనూ వినిపించదు. సూది గుండె ఒక్క గంతు వేసింది. వేళ్ల కొసలు చల్లబడ్డాయి. చోటు మారింది, భయం తిరిగొచ్చేసింది అనుకుంది.

కళ్లు మూసుకుని పసుపు దీపాన్ని తలుచుకుంది. నిప్పు వస్తుందేమోనని కాచుకుంది.

దీపం గాజుమీద ఈగ నడుస్తోంది. తీరుబడిగా.

ఇంకేమీ లేదు. చుట్టం వచ్చి తలుపు తట్టింది. ఇల్లు ఖాళీ.

టప్. మళ్లీ టప్. టప్ టప్ టప్. ఇయర్‌ఫోన్‌లో ఆ చప్పుడు తొందరపడుతోంది, విసిగిపోతోంది, బెదిరిపోతోంది. కంట్రోల్ రూమ్‌లో ఏసీ గడ్డ కట్టించేస్తోంది. అందరూ తెరవైపే చూస్తున్నారు. తెరవైపు చూడని మనిషి ఒక్కడే. పెద్దాయన. అంత చలిలో మైకు పక్కన నిలబడి, విసురుకోకుండా విసనకర్ర తెరిచి మడుస్తున్న అందమైన చేతిని చూస్తున్నాడు.

"ఉక్కగా ఉందా, మేడమ్?" అన్న ఆయన గొంతు సూది చెవిలో వినబడింది. కుర్చీ పడిన చప్పుడు. ముత్యాలు నేలమీద చిందిన చప్పుడు.

అంకెల్లో చిట్టచివరిది మిగిలింది.

సూది నీలం తీగ తెంపింది.

ఎర్ర అంకె అలాగే నిలిచిపోయింది. నెత్తిమీద పాదాలు కూడా.

"అక్కా?"

"ఊ."

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఇప్పుడు ఊపుకో."

*

సాయంత్రం లోపు నిలయం మూతపడింది. డాక్టర్ మఫ్లర్‌తో సహా దొరికాడు. తన మీటర్ అబద్ధం చెప్పదని స్టేట్‌మెంట్ ఇచ్చాడు. మామయ్య మీద రాసిన రిపోర్టుని పెద్దాయన తనే చించేసి, కొత్తది రాయించాడు. ఆయన చెయ్యి వణకలేదని, వణికించారని.

ముగ్గురూ కారులో ఇంటికి బయల్దేరారు. పెద్దాయన ముందు సీట్లో ఫ్లాస్కు కప్పులో టీ పోసుకున్నాడు. వెనక చెల్లి, అక్క చేతిని ఒళ్లో పెట్టుకుని కాలిన మచ్చల మీద మందు రాస్తోంది.

"అయితే నేను చెప్పింది నిజమే కదా. హారన్ సంచికి చుట్టమే."

"అవును తల్లీ. నీకు డాక్టరేట్ ఇప్పిస్తాను."

"ఆ పసుపు దీపం చూస్తే ఇప్పుడు నిజంగా ఏమీ అనిపించదా?"

"ఏమీ అనిపించదు. ఈ చెయ్యి చూడు, రాయిలా ఉంది."

కూడలి దగ్గర ట్రాఫిక్ లైటు పచ్చ నుంచి పసుపుకి మారింది.

"అమ్మా!" అని సూది గావుకేక పెట్టింది.

డ్రైవర్ బ్రేకు మీద నిలబడ్డాడు. పెద్దాయన టీ ఆయన చొక్కామీద ఉంది. చెల్లి గబుక్కున అక్క చెయ్యి పట్టుకు చూసింది. చెయ్యి రాయిలాగే ఉంది. నాడి తాపీగా కొట్టుకుంటోంది.

సూది నోరు మూసుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "కంగారు పడకండి సార్," అంది. "భయం పోయింది. నటన మిగిలిపోయింది."